ఉన్నది ఉన్నట్టు

ఫిబ్రవరి 3, సోమవారం

కాఫీ వీడియో కోసం కిటికీ పక్క బల్లను నాలుగుసార్లు జరిపాను. నాలుగోసారికి కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి, ఆవిరి కనబడేలా పోసి, మొదటి గుక్క తాగినట్టు నవ్వాను. తర్వాత సింకులో పారబోశాను. నేను కాఫీ తాగను. పొద్దున్నే నాకు టీ పడాలి.

మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి హేమ ఫోన్ చేసింది. నాలాంటి ఇరవై మంది చానళ్లు చూసుకునే అమ్మాయి. ఎప్పుడూ కసురుకోదు. అందుకే భయం.

"అక్కా, మూడు నెలల నుంచి మన వీడియోలు పది సెకన్లకే వదిలేసి పోతున్నారు. తెల్ల కర్టెన్లు, రాగి చెంబులు చూసి జనానికి మొహం మొత్తింది. ఇప్పుడు అందరికీ నిజం కావాలి."

"ఎలాంటి నిజం?"

"మీది. తోమని గిన్నెలు, దువ్వని జుట్టు. ఏడుపొస్తే ఏడవండి. ఉన్నది ఉన్నట్టు."

ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వెళ్లాను. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి.

ఫిబ్రవరి 4

తోమిన గిన్నెల్లో మూడింటికి పెరుగు పూసి సింకులో వేసి వీడియో తీశాను. మూడు నెలల్లో ఇంతమంది ఎప్పుడూ చూడలేదు. 'మా ఇల్లూ ఇంతే అక్కా, మిమ్మల్ని చూస్తే ధైర్యంగా ఉంది' అని ఒకావిడ రాసింది. చాలాసేపు సంతోషంగా ఉన్నాను. తర్వాత ఆ మూడు గిన్నెలూ తోముకున్నాను.

ఫిబ్రవరి 7

మా ఆయన శివప్రసాద్ రైల్వే స్టేషన్ నుంచి వచ్చి కుర్చీ మీద బట్టల కుప్ప చూశారు. పొద్దంతా టికెట్ల కౌంటర్‌లో నానా భాషలూ మాట్లాడి వచ్చే మనిషి, ఇంట్లో తక్కువ మాట్లాడతారు.

"ఇవి మడతపెట్టేయనా? వీడియోకి ఉంచాలా?"

వెటకారమో కాదో తెలియలేదు. ఉంచమన్నాను.

ఫిబ్రవరి 10

హేమ అడిగింది: "అక్కా, మీ సొంతూరు ఏది?"

ఎవరడిగినా 'మాది బరంపురం' అంటాను. అది అబద్ధం కాదు. ఆరో తరగతి నుంచి ఇక్కడి హాస్టల్లోనే పెరిగాను. ఇక్కడే హిల్‌పట్నాలో ఈ ఇంట్లో అద్దెకుండి అయిదేళ్లు. మా అమ్మ కాసమ్మ సముద్రం ఒడ్డున ఆర్యపల్లిలో చేపలు ఎండబెట్టి అమ్ముతుందని చానల్లో ఎప్పుడూ చెప్పలేదు. దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

హేమకు చెప్పాను.

"ఇంత పెట్టుకుని ఇన్నాళ్లూ మాకు కర్టెన్లు చూపించారా అక్కా?"

ఒక వంటనూనె కంపెనీ 'మట్టి మనుషులు' అని ఏదో చేయబోతోందట. వాళ్లకు నా పేరు పంపుతానంది. వద్దనలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఛత్రపురం దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. అమ్మకు ముందే ఫోన్ చేసి వీడియో సంగతి చెప్పాను. నేను వెళ్లేసరికి తలంటుకుని, నా పెళ్లికి కొన్న పట్టుచీర కట్టుకుని, మొహాన పౌడరు రాసుకుని, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కింటి అమ్ములత్తని అడిగి తెచ్చుకున్న పెద్ద గొలుసు మెడలో.

"ఇదేటమ్మా ఇలా తయారైనావు? రోజూ ఎలగుంటావో అలగే ఉండాల."

"రోజూ ఉన్నట్టు ఉంటే సూడ్డానికి ఏటుందే? లోకమంతా సూస్తారంటున్నావు. సేపల కోకతో కూకోమంటావేటి?"

"అదే కావాలంట."

"ఎవులికి?"

పట్టుచీరలోనే తీశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, హాస్టల్‌కు నన్ను చూడవచ్చినప్పుడు మాట్లాడే భాషలో మాట్లాడింది. "మా అమ్మాయి మంచి అమ్మాయి. అందరూ బాగుండాలి." అయిపోయాక ఎలా వచ్చిందో చూపించమంది. చూసి, "బొట్టు కూసింత వంకరపోయింది" అంది. కానీ బాగా సంతోషపడింది.

ఫిబ్రవరి 13

హేమకు పంపితే, "అమ్మగారు బాగున్నారు అక్కా. కానీ నేచురల్‌గా లేదు" అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

మళ్లీ వెళ్లాను. చెప్పకుండా.

చేపలు ఆరబెట్టే చోట అమ్మ పనిలో ఉంది. పాత చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, చేతులు మోచేతుల దాకా పొలుసు. ఫోన్‌ను గంపకు ఆనించి పెట్టాను. అమ్మ ఎదురుగానే పెట్టాను. చూసింది. చూసే ఉంటుంది. వెనక్కి తిప్పి పెట్టలేదు కదా.

పక్కన కూర్చుని మాట్లాడించాను. చాలా రోజులకు అలా కూర్చున్నాను. నన్ను బాగా చిక్కిపోయానంది. షావుకారు ఎండు నెత్తళ్ల ధర దించేస్తున్నాడని తిట్టింది. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలలని పడవల్ని దూరం పోనివ్వడం లేదంది. అప్పుడు నేను అడిగాను.

"అమ్మా, సముద్రాన్ని సూస్తే నీకేటనిపిస్తాది?"

ఇరవై ఏళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఇవాళ ఎందుకు అడిగానో.

అమ్మ కత్తి ఆపలేదు. "ఏటనిపిస్తాది. మీ అయ్యని మింగీసి, తెల్లారేసరికి ఏటీ ఎరగనట్టు మెరిసిపోతా ఉండిపోయింది. ఊరంతా మొక్కుతారు, నానూ మొక్కుతాను. లోపట మట్టుకు, ఆ గంగమ్మ మొకం సూడాలంటే నాకు అసయ్యం. తిండి కోసం సూస్తన్నాను."

కాసేపటికి నా వైపు చూసి, "పొలుసెగిరింది, కళ్లు తుడుసుకో" అంది.

పొలుసు కాదు.

ఫిబ్రవరి 17

వీడియో కత్తిరించాను. ఆ మాట తీసేశాను. అది నాతో చెప్పుకున్న మాట.

తీసేశాక మిగిలింది చూస్తే, చేపలు కోస్తున్న ఒక ఆవిడ. అలాంటివి వెయ్యి ఉన్నాయి.

ఫిబ్రవరి 18

హేమ ఉంచమంది. ఉంచాను.

ఫిబ్రవరి 19

పొద్దున్న లేచేసరికి లక్ష దాటింది. మధ్యాహ్నానికి మూడు లక్షలు. అన్నం వండడం మరిచిపోయాను. 'ఇన్నాళ్లకు ఒక నిజమైన మనిషిని చూశాం' అని రాస్తున్నారు. 'అమ్మకు దండం' అని రాస్తున్నారు. ఆ ఒక్క ముక్కనే కత్తిరించి ఎవరెవరో వాళ్ల పేజీల్లో పెట్టుకుంటున్నారు.

ఫోన్ పక్కన పెడతాను, మళ్లీ తీస్తాను. టీ మూడుసార్లు పెట్టాను. ఒక్కటీ తాగలేదు.

ఫిబ్రవరి 20

నూనె కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు. ఆరు వీడియోలు. అన్నింట్లోనూ అమ్మ ఉండాలి.

ఫిబ్రవరి 22

శివప్రసాద్ చూశారు. కౌంటర్‌లో పక్క సీటతను చూపించాడట. చొక్కా విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు.

"ఆవిడకి తెలుసా?"

"ఫోన్ ఎదురుగానే పెట్టాను."

"అది కాదు పద్మా. ఆవిడకి తెలుసా?"

"అందరూ దండం పెడుతున్నారు. ఒక్కరైనా తప్పుగా రాశారా, చూపించండి."

ఆయన చూపించలేదు. లేచి కాళ్లు కడుక్కోడానికి వెళ్లారు. నాకు మాత్రం చాలాసేపు వాదిస్తున్నట్టే ఉంది. ఇంకా వాదిస్తున్నట్టే ఉంది.

ఫిబ్రవరి 24

అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. నిన్నా ఎత్తలేదు. ఆ చిన్న ఫోన్ బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

సాయంత్రం అమ్ములత్త చేసింది. "పద్మా, ఓపాలి రా. పడవలు ఆరు రోజులై ఒట్టివే వస్తన్నాయి. జనాలు మీ యమ్మనంటున్నారు."

ఫిబ్రవరి 25, మంగళవారం

ఆరబెట్టే చోట అమ్మ జాగా ఖాళీగా ఉంది. ఇసకలో పరిచే వల మడత పెట్టి రాయి పెట్టి ఉంది. అటూ ఇటూ ఆడవాళ్లు పని చేసుకుంటున్నారు. నన్ను చూసి ఒక్కరూ 'ఎప్పుడొచ్చినావు' అనలేదు.

దారిలో కూర్మయ్య తాత కనబడ్డారు. ఊళ్లో ఏ తగువైనా ఆయన మాటే. అయ్య శవం కోసం మూడు రోజులు పడవ వేసుకుని వెతికింది ఆయనే.

"వల ఏసి బతికీవోళ్లం. గంగమ్మని అసయ్యం అన్న మాట లోకమంతా ఇన్నాది. కుర్రోళ్లు పడవెక్కడానికి జంకుతున్నారు. ఆదివారం పూజ. మీ యమ్మని ఆ రోజుకి ఇంట్లో ఉండమను. నాను సెప్పలేను, నువ్వు సెప్పు."

అమ్మ ఇంట్లో నేల మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలగలేదు. షావుకారు వేరేవాళ్ల దగ్గర సరుకు తీసుకుంటున్నాడట. ఆడవాళ్లు ఎవరి ఫోన్‌లోనో అమ్మకు అమ్మనే చూపించారట.

"ఆ మాట ఎవులికి సెప్పినాననుకున్నావే?"

"నాకు."

"మరి నువ్వేటి సేసినావు?"

"ఫోన్ అక్కడే ఉందమ్మా. సూసినావు కదా."

"పాటలు పెట్టుకున్నావనుకున్నాను." అమ్మ గొంతు పెంచలేదు. "మీ అయ్య పోయి ఇరవయ్యేళ్లు. ఆ మాట ఎవులికీ సెప్పలేదు. అమ్ములుకీ సెప్పలేదు. పట్టు కోక కట్టుకొని కూకుంటే వద్దన్నావు. నా లోపల ఉన్నదే కావాల్సొచ్చింది నీకు."

"తీసేస్తానమ్మా."

"బువ్వ తిన్నావేటి?" అంది. తినలేదన్నాను. లేచి వండలేదు. అడిగి ఊరుకుంది.

ఫిబ్రవరి 26

తీయలేదు. కంపెనీ సంతకం శుక్రవారం. ఇప్పుడు తీసేస్తే అనుమానపడతారు. రెండు రోజులు ఆగితే జనమే మరిచిపోతారు. ఇలాంటివి రోజుకొకటి వస్తాయి, పోతాయి.

పూజకు వెళ్లొద్దని అమ్మకు చెప్పాలి. అదీ చెప్పలేదు.

ఫిబ్రవరి 27

హేమకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. నీ వల్లే మా అమ్మకు ఈ గతి పట్టిందన్నాను. నువ్వు ఉంచమనకపోతే నేను ఉంచేదాన్ని కాదన్నాను.

"ఏ మాట అక్కా? మీరు నాకు పంపలేదు కదా. పెట్టాకే నేనూ చూశాను."

పద్దెనిమిదో తారీఖు పేజీ తీసి చూశాను. 'హేమ ఉంచమంది' అని నా చేతిరాతే. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి కోసం అబద్ధం రాశాను?

ఆ రోజు హేమతో అసలు మాట్లాడలేదు. ఆ మాటను మళ్లీ అతికించింది నేనే. ఎక్కడ పెడితే ఎక్కువమంది ఆగుతారో చూసి, వీడియో మొదట్లోకి తెచ్చి పెట్టింది కూడా నేనే.

ఫిబ్రవరి 28

తీసేశాను.

వెతికితే ఇంకా నలభై చోట్ల ఉంది. ఒకదానికి వెనక వాయులీనం పెట్టారు. ఒకదానిలో అమ్మ మొహం మీద కన్నీటి చుక్క గీశారు. తీసేయమని అందరికీ రాశాను. ఇద్దరు తీశారు. ఒకతను 'ఇంత గొప్ప నిజాన్ని ఎందుకు దాచుకుంటారు మేడం' అని రాశాడు.

నూనె కంపెనీకి కుదరదని చెప్పాను. హేమ కోప్పడలేదు. "ఒక సారీ వీడియో చేయండి అక్కా. మేకప్ లేకుండా, ఎడిట్ లేకుండా. బాగా వెళ్తుంది" అంది.

కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. జుట్టు విప్పాను. వెలుతురు ఎడమవైపు నుంచి పడితే కళ్లు ఉబ్బినట్టు బాగా తెలుస్తుంది. ఫోన్ ఎత్తు సరిచేస్తూ, సరిచేస్తూ, ఒక్కసారి ఏం చేస్తున్నానో తెలిసింది. జుట్టు ముడి వేసుకుని లేచాను.

మార్చి 2, ఆదివారం

శివప్రసాద్ సెలవు పెట్టి నాతో వచ్చారు. ఒడ్డున వలల పాక దగ్గర పెద్దలు కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు పసుపు రాసిన ఘటాలతో బయల్దేరడానికి నిలబడ్డారు. అమ్మ లేదు. ఇంట్లో ఉండమని కూర్మయ్య తాతే చివరికి ఎవరిచేతో కబురు పంపించారట.

అందరి ముందూ నిలబడ్డాను. కెమెరా ముందు అంత మాట్లాడేదాన్ని, నాలుగు ముక్కలే అనగలిగాను.

"అమ్మ ఆ మాట ఊరి మీద అనలేదు తాతా. కూతురితో సెప్పుకుంది. నానే దొంగతనంగా తీసి లోకానికి సూపించినాను. తప్పు నాది. నన్ను వెలేయండి. అమ్మ ఘటం ఆపకండి."

కూర్మయ్య తాత ఇసకలోకి చూస్తూ అన్నారు: "నువ్వు తీసీసినానంటావు. జనం సెవుల్లోంచి ఎలగ తీస్తావు?"

అప్పుడు అమ్ములత్త తన ఘటం కింద పెట్టింది. ఆవిడ కొడుకు తుపాను నాడు పోయాడు.

"ఆ మాట నానూ అన్నాను కూర్మయ్యా. అంతకన్న పెద్ద మాటే అన్నాను. నా కొడుకు పడవ రానప్పుడు ఇదే ఒడ్డున మట్టి తీసి దాని మొకాన కొట్టి అన్నాను. నా సెయ్యి పట్టుకొని ఇంటికాడ దింపింది నువ్వే. అప్పుడు గంగమ్మకి కోపం రాలేదు. ఫోన్లో ఇంటేనే వచ్చిందేటి?"

వెనక నుంచి ఒకామె, "నానూ అనుకున్నాను, పైకనలేదు" అంది. ఎవరో చూడలేదు, నేను తల వంచుకునే ఉన్నాను. కూర్మయ్య తాత చాలాసేపు చుట్ట ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పారు.

"కాసమ్మని రమ్మనండి" అన్నారు.

అమ్మ వచ్చింది. నావైపు చూడలేదు. అమ్ములత్త వెనక నిలబడి ఘటం ఎత్తుకుంది. నడుస్తుంటే పక్కనుంచి ఇద్దరు అమ్మాయిలు ఫోన్లు ఎత్తారు, పూజ తీసుకుందామని. అమ్మ ఒక చేత్తో ఘటం పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు మొహం మీదికి లాక్కుంది. నీళ్ల దాకా అలాగే నడిచింది. మా అమ్మ మొహం కప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 5

గాలి మారింది. రెండు పడవలకు కవళ్ల చేపలు పడ్డాయని అమ్ములత్త ఫోన్. షావుకారు అమ్మ దగ్గరకు వచ్చాడట. గంగమ్మ దయ అంటున్నారు. గాలి అంటే మాత్రం ఎవరు నమ్ముతారు? నాకెందుకు.

మార్చి 9, ఆదివారం

ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లాను.

నన్ను చూడగానే అమ్మ చేతులు కడుక్కుంది. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చింది. కుర్చీ వేసింది. "బాగున్నావా అమ్మా? అల్లుడుగారు కులాసాగా ఉన్నారా?" అంది. హాస్టల్ మేడంతో మాట్లాడే భాష.

"అమ్మా, ఫోన్ తేలేదు. సూడు." సంచి బోర్లించి చూపించాను.

చూసింది. తర్వాత నా చేతి గడియారం చూసింది. "ఇందులో కూడా ఉంటాదంట కదా."

మార్చి 10

గడియారం తీసేశాను. మణికట్టు మీద తెల్లటి మచ్చ.

మార్చి 16

మళ్లీ కుర్చీ. గాజు గ్లాసులో టీ. "అందరూ బాగుండాలి."

మార్చి 23

వెళ్లలేదు. రోజంతా ఇల్లు సర్దాను. సర్దినవే సర్దాను. "వెళ్లకపోతే ఆవిడకి అలవాటైపోతుంది" అన్నారు శివప్రసాద్.

మార్చి 24

అలవాటయ్యేది ఆవిడకేనా అని అడిగాను. "ఇద్దరికీ" అన్నారు.

ఏప్రిల్ 3

హేమ ఇక ఫోన్ చేయడం లేదు. చానల్ అలాగే ఉంది. అందులో ఎవరో ఒకామె తెల్ల కర్టెన్ల ముందు కాఫీ తాగుతూ నవ్వుతోంది. స్టేషన్ రోడ్డులో ఒక స్కూలువాళ్లు ఆఫీసులో మనిషి కావాలన్నారు. దరఖాస్తు ఇచ్చి వచ్చాను.

ప్రతి ఆదివారం వెళ్లి కుర్చీలో కూర్చుని వస్తున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

మంగళవారం నుంచి రెండు నెలలు చేపల వేట బంద్. అందుకని పడవలన్నీ ఒకేసారి వెళ్లి, ఒకేసారి నిండుగా వచ్చాయి. నేను దిగేసరికి ఒడ్డంతా చేపలే. అమ్మ ముందు ఏడు గంపలు. ఎండ ముదిరేలోపు కోసి ఉప్పు పట్టించకపోతే సరుకు పాడైపోతుంది. కుర్చీ వేయడానికి, చీర మార్చుకోడానికి తీరిక ఎక్కడ?

తల ఎత్తి చూసి, "ఏటలా నిలబడిపోనావు? కోక ఎగ్గట్టి కూకో, బేగి" అంది.

కూర్చున్నాను. పదేళ్లయింది కత్తి పట్టుకుని. రెండో చేపకే వేలు తెగింది. అమ్మ చూసి, ఇంత ఉప్పు తీసి దాని మీద అద్దింది. ప్రాణం పోయినట్టయింది. "ఉప్పు పెడితే ఇంక తెగనట్టే" అంది. అది నిజం కాదు. మరో రెండుసార్లు తెగింది.

మూడు గంపలయ్యాయి. నాలుగయ్యాయి. చేతులు మోచేతుల దాకా నెత్తురు, పొలుసు. మొహం మీద ఈగ వాలినా తోలుకోలేను. నడుం పట్టేసింది. సముద్రం మా ఇద్దరి వెనకే ఉంది. ఇద్దరం దాని వైపు తిరగలేదు.

అయిదో గంప దగ్గర అమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. నన్ను చూస్తూ కాదు, చేప వైపు చూస్తూ. అయ్య గురించి. పెళ్లయిన కొత్తలో సంగతి. నేను ఏమీ అడగలేదు. ఊఁ కొట్టాను, అదీ అక్కడక్కడ.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

మధ్యలో ఒకసారి తలెత్తి నా చేతుల వైపు, తర్వాత నా మొహం వైపు చూసింది. ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు.